దేవుడికి వార్డెన్ ఉద్యోగం

1989లో ఈ దేశం ఓటు వయసును 21 నుంచి 18కి దించింది. అరవై ఒకటో రాజ్యాంగ సవరణ. ఆ కబురు ఢిల్లీలో బయల్దేరి, రాష్ట్ర రాజధానులు దాటి, జిల్లా కేంద్రాలు దాటి, మా మేనల్లుడు చదివే కాలేజీ హాస్టల్ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. అప్పటికి సాయంత్రం ఆరున్నర దాటిందట. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు.

వాడిది కోస్తాలో ఓ మిషన్ కాలేజీ. పేరెందుకు లెండి. ఆ బోర్డు తీసేసి స్వామీజీ ట్రస్టు బోర్డు పెట్టినా, దేవస్థానం బోర్డు పెట్టినా, మదర్సా బోర్డు పెట్టినా ఈ కాలమ్‌లో మార్చాల్సింది ప్రార్థన భాష ఒక్కటే. గంట అదే, విజిల్ అదే, రిజిస్టరు అదే. స్వర్గం గురించీ నరకం గురించీ ఇన్నేసి వందల ఏళ్ళు కొట్టుకున్న మన మతాలు ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయానికి వచ్చాయి: కుర్రాణ్ణి కోడి కూయకముందే లేపితే తప్ప మోక్షం లేదు. ఆ మోక్షం కుర్రాడికా, లేపినవాడికా అన్నది ఎవరూ తేల్చలేదు.

అడ్మిషన్ రోజున ఫారంతో పాటు ‘హాస్టల్ నియమావళి’ అని ఓ చిన్న పుస్తకం చేతిలో పెట్టారు. మా బావగారు దాన్ని తెరవలేదు. నేను వరండాలో బల్ల మీద కూర్చుని సాంతం చదివాను. లుంగీతో మెస్‌లోకి రారాదు. బిగ్గరగా నవ్వరాదు. గోడలకు దేవుడి పటాలు తప్ప వేరే బొమ్మలు అంటించరాదు. స్టడీ అవర్స్‌లో తలుపు మూయరాదు, పది దాటాక లైటు వేయరాదు. హీటరు, ఇస్త్రీపెట్టె, కెటిల్ దొరికితే జప్తు. జుట్టు చెవుల మీదికి రారాదు. అక్కడికి చదివి తలెత్తితే ఎదురుగా తోటలో ఏసుప్రభువు విగ్రహం, భుజాల దాకా జుట్టుతో. ఆయన దరఖాస్తు పెట్టుకుంటే ఈ హాస్టల్లో సీటు రాదు. (ఆశ్రమాల హాస్టళ్ళవాళ్ళు మరీ అంత నవ్వనక్కర్లేదు. జటలతో, పులితోలుతో శివుడొస్తే మీ వాచ్‌మన్ ఊరుకుంటాడా?)

ఎంత వెతికినా ఆ పుస్తకంలో కనపడనివీ కొన్ని ఉన్నాయి. ఎంతమందికి ఒక బాత్రూమ్ ఉండాలి? ఫ్యాను ఆగిపోతే ఎన్నాళ్ళలో బాగుచేయించాలి? నీళ్ళ ట్యాంకు ఎప్పుడెప్పుడు కడగాలి? సాంబారులో పప్పు కనీసం ఎంత ఉండాలి? క్రమశిక్షణ పిల్లలకే గానీ సాంబారుకు కాదు. భోజనానికి ముందు అందరూ నిలబడి ఈ ఆహారాన్ని దీవించమని దేవుణ్ణి వేడుకుంటారు. ఆ మెస్‌లో ఒకపూట తిన్నాను కనక చెబుతున్నాను, మొత్తం హాస్టల్లో మనస్ఫూర్తిగా జరిగే ప్రార్థన అదొక్కటే.

మిగతా ప్రార్థనల సంగతి వేరు. ఐదున్నరకు గంట, ఆరింటికి చాపెల్. మావాడు హిందువు. గదిలో ఇంకో ఇద్దరున్నారు, ఒకడు ముస్లిం, ఒకడు క్రైస్తవుడు. మొదటి ఇద్దరూ ఫైనుకు జడిసి ఠంచనుగా వెళ్తారు. క్రైస్తవుడు మాత్రం దుప్పటి తియ్యడు. ‘‘మా నాన్న పాస్టరు రా. పుట్టినప్పట్నుంచీ చేస్తూనే ఉన్నా. నా కోటా ఎప్పుడో అయిపోయింది’’ అంటాడట.

చాపెల్లో అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోగానే అసిస్టెంట్ వార్డెన్ గారు కళ్ళు తెరుస్తారు. వంచిన తలల్ని లెక్కపెట్టడం తేలిక. దేవుడు వచ్చాడా లేదా అని ఎవరూ చూడరు, ఆయన పేరు రిజిస్టరులో లేదు. రానివాడికి యాభై రూపాయలు ఫైను. నెలాఖరుకు పాపాల పద్దు మెస్ బిల్లులో కలిసి ఇంటికొస్తుంది. పెరుగు ఎక్స్‌ట్రా ఇంత, చికెన్ ఎక్స్‌ట్రా ఇంత, దైవద్రోహం ఇంత. డబ్బు కట్టించుకుని పాపాలకు క్షమాపత్రాలు ఇస్తున్నారనే కదా 1517లో మార్టిన్ లూథర్ 95 అభ్యంతరాలు రాసి యూరప్‌ని కుదిపేసింది! మా హాస్టల్ ఫైను పుస్తకం ఆయన కంటపడి ఉంటే తొంభై ఆరోది కూడా రాసేవాడు.

రాజ్యాంగంలో ఇరవై ఎనిమిదో అధికరణం ఉంది. దాని మూడో క్లాజు ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గానీ గ్రాంటు గానీ ఉన్న విద్యాసంస్థలో ఎవర్నీ వాళ్ళ సమ్మతి లేకుండా మతబోధకూ ఆరాధనకూ కూర్చోబెట్టకూడదు. మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. మేజరైతే వాడి సమ్మతే. ఈ సంగతి అడ్మిషన్ రోజునే, హాస్టల్ చూసుకునే ఫాదర్ గారి దగ్గర వినయంగానే కదిపాను. ఆయన చిరునవ్వు నవ్వి ఫారం నా వైపు తిప్పారు. పదకొండో షరతు: సంస్థలో జరిగే ప్రార్థనలన్నిటిలో పాల్గొనడానికి నా పూర్తి సమ్మతి. కింద సంతకం మా బావగారిది. వేసవిలోనే పద్దెనిమిది నిండిన మేనల్లుడు పక్కనే నిలబడి తన సమ్మతి ఎంత అందంగా ఉందో చూసుకుంటున్నాడు.

‘‘ముప్ఫయ్యో అధికరణం కూడా ఉంది సార్’’ అన్నారు ఫాదర్ గారు. ఉంది. మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థల్ని స్థాపించి తామే నడుపుకునే హక్కు. ఉండాల్సిన హక్కు. అది కాలేజీని నడుపుకోవడానికి కదా, కుర్రాణ్ణి నడిపించడానికా అని అడగబోయాను. అంతలో కాఫీ వచ్చింది.

అసలు మా బావగారి వైపు ఇంటర్వ్యూ వినాలి మీరు. కొడుకుని కాలేజీలో చేర్చేవాడు లెక్చరర్లు ఎవరు, లైబ్రరీ ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది, చదువయ్యాక ఉద్యోగాల సంగతేమిటి అని అడుగుతాడని మీరు అనుకుంటారు.

‘‘గేటు ఎన్నింటికి వేస్తారు ఫాదర్ గారూ?’’

‘‘ఆరున్నరకండి.’’

‘‘ఆరింటికే వేసేస్తే ఏం పోయిందండీ? గోడ ఎత్తెంత?’’

‘‘ఎనిమిదడుగులుంటుందండి. పైన గాజుపెంకులు పెట్టించాం.’’

‘‘సెల్లు?’’

‘‘మా దగ్గరే ఉంటుంది. ఆదివారం రెండు గంటలు ఇస్తాం.’’

‘‘రెండు గంటలే! పాడైపోరూ? మావాడు మొండిఘటం ఫాదర్ గారూ. మీరు తోలు తీసినా మేం ఒక్క మాట అనం.’’

ఫాదర్ గారే నొచ్చుకున్నారు. ‘‘మేం పిల్లల్ని కొట్టమండి’’ అన్నారు. బావగారి ముఖం చూడాలి అప్పుడు. కొట్టకుండా అంత ఫీజా అన్నట్టుంది.

ఇక్కడే అసలు కిటుకుంది. ఈ హాస్టళ్ళకు కస్టమరు పిల్లాడు కాదు. బోర్డు మీద దేవుడి పేరుంటుంది, లోపల అమ్మేది గోడ. మిషన్ కాలేజీల్లో చేరే హిందువుల పిల్లలెందరో ఉన్నారు. వాళ్ళ తల్లిదండ్రుల్లో బైబిలు మీద మక్కువతో వచ్చినవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు. అందరూ గోడ మీద మక్కువతో వచ్చినవాళ్ళే. కులం పట్టింపు, మతం పట్టింపు, మాంసం పట్టింపు అన్నీ ఉన్న మనిషి కూడా ఎనిమిదడుగుల గోడా గాజుపెంకులూ కనపడగానే సర్వమత సమానత్వం సాధించేస్తాడు. ‘‘ఫాదర్లయితే స్ట్రిక్టండీ’’ అన్న ముక్క మన జిల్లాల్లో ఏ సువార్త కన్నా ఎక్కువ దూరం వెళ్ళింది.

దేవుడు కూడా లేకపోతే గోడ ఎలా ఉంటుందో చూడాలంటే మన కార్పొరేట్ ఇంటర్ కాలేజీలున్నాయి. అక్కడ ఆరాధించేది ర్యాంకుని. ఆ దేవత పూజ తెల్లవారుజాము స్టడీతో మొదలై రాత్రి స్టడీతో ముగుస్తుంది, మధ్యలో ప్రసాదంగా వీక్లీ టెస్టు. మిషన్ హాస్టల్లో కనీసం మొరపెట్టుకోవడానికి చాపెలైనా ఉంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, ర్యాంకు రానివాణ్ణి కూడా ప్రేమిస్తానని ఏసు అన్నాడు, ఏ కార్పొరేట్ డీనూ అనలేదు.

ఫాదర్ గారు చెడ్డమనిషి కాదు. ప్రతి కుర్రాడి పేరూ ఊరూ ఆయనకు తెలుసు. అర్ధరాత్రి ఎవడికో కడుపునొప్పి వస్తే స్కూటర్ మీద ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్ళారట. ఆయన పదిహేనేళ్ళప్పుడు సెమినరీలో చేరారు. అప్పట్నుంచీ గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే పడుకున్నారు. తాను చెయ్యని పని మావాణ్ణి చెయ్యమనడం లేదు. చిక్కల్లా ఒక్కటే. ఆయన అది కోరి ఎంచుకున్నారు. మావాడు కోరింది బీకాం కంప్యూటర్స్.

గంట కొట్టి మనుషుల్ని నడిపించే పద్ధతికి మూలాలు వెతికితే మఠాల దగ్గర తేలతాం. ఆరో శతాబ్దంలో ఇటలీలో సెయింట్ బెనెడిక్ట్ సన్యాసుల కోసం ఓ నియమావళి రాశాడు. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు పని చెయ్యాలి, ఎంత తినాలి, ఎప్పుడు మౌనంగా ఉండాలి అన్నీ అందులో ఉన్నాయి. మా హాస్టల్ పుస్తకానికి ముత్తాత లాంటిది. కానీ ఆ ముత్తాత మునిమనవడి కన్నా మర్యాదస్తుడు. మఠంలో చేరతానని వచ్చినవాణ్ణి వెంటనే చేర్చుకోవద్దన్నాడు. ఏడాది పాటు ఉంచి, ఆ ఏడాదిలో నియమాలన్నీ మూడుసార్లు వాడికి చదివి వినిపించి, ఉండగలిగితే ఉండు, లేదంటే నిక్షేపంగా వెళ్ళిపో అని చెప్పమన్నాడు. ఉంటానంటే ఒప్పుకోలు పత్రం వాడే తన చేత్తో రాయాలన్నాడు. బావగారి చేత కాదు.

మనదేశంలోనూ అంతే. విశాఖ దగ్గర తొట్లకొండ ఎక్కి చూడండి. వరుసగా చిన్నచిన్న గదులు, అందరికీ ఒకే భోజనశాల. మన హాస్టల్ ప్లాను సుమారు రెండు వేల ఏళ్ళ కిందటే గీసేశారు బౌద్ధులు. పాలి వినయపిటకం ప్రకారం భిక్షువుకు 227 నియమాలు. మధ్యాహ్నం దాటాక భోజనం లేదన్నది వాటిలో ఒకటి (ఈ ముక్క దయచేసి మెస్ కాంట్రాక్టరు చెవిన పడనివ్వకండి). అయితే భిక్షువు తనంతట తాను అడిగి చేరినవాడు. నచ్చకపోతే చీవరం విప్పేసి ఏ రోజైనా ఇంటికి పోవచ్చు. కాషన్ డిపాజిట్ పోతుందన్న భయం లేదు. గురుకులంలో బ్రహ్మచారికి మనుస్మృతి అత్తరు, పూలు, కాటుక, పాట, ఆట, చివరికి చెప్పులూ గొడుగూ కూడా వద్దంది. మన హాస్టళ్ళు ఇంకా చెప్పుల దాకా రాలేదు. ఐడియా ఇచ్చినవాణ్ణి నేనని మాత్రం ఎవరికీ చెప్పకండి.

అన్నట్టు అదే వినయపిటకంలో భిక్షుణికి ఎన్ని నియమాలో తెలుసా? 311. లేడీస్ హాస్టల్ గేటు జెంట్స్ హాస్టల్ గేటు కన్నా ముందే ఎందుకు మూసుకుంటుందో ఇప్పుడర్థమైందా! మా మేనకోడలు ఇంటర్ రెండో ఏడు. వచ్చే ఏడాది దాన్నీ అక్కడే చేర్చాలని మా అక్క ఉద్దేశం. ‘‘అబ్బాయిలకి ఆరున్నర, అమ్మాయిలకి ఐదున్నర. మంచి పద్ధతి కదరా తమ్ముడూ, ఆడపిల్లకి రక్షణ’’ అంది. ఎవర్నుంచి రక్షణే అక్కా అంటే, ‘‘మగపిల్లల్నుంచి’’ అంది. మరి వాళ్ళ గేటు కదా ముందు వెయ్యాల్సింది అన్నాను. ‘‘నీతో మాట్లాడ్డం నాది బుద్ధితక్కువ’’ అని ఫోను పెట్టేసింది.

కేరళ పిల్లలు ఇలాంటి ప్రశ్నల్ని అక్కల్ని అడక్కుండా హైకోర్టునడిగారు. త్రిశూర్‌లోని శ్రీ కేరళవర్మ కాలేజీ కొచ్చిన్ దేవస్వం బోర్డుది, అంటే దేవస్థానంవారి కాలేజీ. లేడీస్ హాస్టల్ పిల్లలు ఫస్ట్ షోకీ సెకండ్ షోకీ వెళ్ళకూడదన్నది అక్కడి నియమాల్లో ఒకటి. 2019 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అబ్బాయిలకున్న స్వేచ్ఛే అమ్మాయిలకూ ఉంటుందనీ, ఏది నీతి అన్న విషయంలో యాజమాన్యం తన అభిరుచిని వాళ్ళ మీద రుద్దకూడదనీ చెప్పింది. ఆ ఏడే సెప్టెంబరులో మరో తీర్పు. కోజికోడ్ దగ్గర చేళన్నూర్‌లో ఓ కాలేజీ లేడీస్ హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా సెల్‌ఫోను వాడకూడదన్నారు. కుదరదన్న విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. కోర్టు ఆ అమ్మాయిని తిరిగి చేర్చుకోమంది, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమంది. కేరళ నుంచి మనకు నర్సులొస్తారు, సిస్టర్లొస్తారు, ఫాదర్లొస్తారు, ఏటా రుతుపవనాలూ వస్తాయి. తీర్పులు మాత్రం దారిలో ఎక్కడో దిగిపోతాయి.

ఆ సెకండ్ షో వ్యవహారం కూడా ఇప్పుడు పాతబడిపోయింది. ఒకప్పుడు గోడ దూకినవాడు సినిమా హాల్లో తేలేవాడు. ఇప్పుడు వార్డెన్ గారికి అప్పగించిన ఫోను కాక ప్రతివాడి దగ్గరా ఇంకో ఫోనుంది, సినిమా దుప్పట్లోనే ఆడుతోంది. అప్పగించినది తరచూ ఆ పని కోసమే కొన్న పగిలిపోయిన పాత డబ్బా. మరి గోడెందుకు దూకుతారని మావాణ్ణి అడిగాను. ‘‘ఎగ్ నూడుల్స్ కోసం మావయ్యా’’ అన్నాడు. ఎనిమిదడుగుల గోడ, గాజుపెంకులు, అవతల కుక్కలు, ఇవతల వార్డెన్‌కి చెప్పేసే చెంచాగాళ్ళు. ఇన్ని గండాలు దాటి ఆ వీరులు సాధించుకొచ్చేది పొట్లంలో కట్టిన నూడుల్స్. సాంబారులో పప్పు వేస్తే సగం గోడ అక్కర్లేదన్న సంగతి నియమావళి రాసినవారికి తట్టలేదు. పట్టుబడితే అపాలజీ లెటరు, తండ్రిని పిలిపించడం, మూడోసారైతే డిస్మిస్. ఏడు డెబ్భైలసార్లు క్షమించమన్న గ్రంథం ఆఫీసు గదిలో, అద్దాల బీరువాలో, తాళం వేసి ఉంది.

ఇంత వెటకారమూ ఆడాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఊళ్ళో ఎవరూ గది అద్దెకివ్వని కులాల పిల్లలకు మంచం, కంచం, చదువుకోవడానికి దీపం ఇచ్చినవి మొదట ఈ మత సంస్థల హాస్టళ్ళే. గుంటూరులో లూథరన్ మిషన్ 1885లో కాలేజీ పెట్టింది. మచిలీపట్నంలో నోబుల్ దొర బడి 1843 నాటిది. కాకినాడలో పిఠాపురం రాజా కాలేజీకి 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు బ్రహ్మసమాజీకులు, నీతి విషయంలో నిప్పు. అంటరానివాళ్ళంటూ ఊరు వెలివేసిన పిల్లల కోసం ఆయన పిఠాపురం మహారాజా అండతో హాస్టల్ నడిపించారు. ఇవాళ చట్టసభల్లోనూ కలెక్టరేట్లలోనూ కూర్చున్న ఎన్నో కుటుంబాల కథ ఏదో ఒక మిషన్ హాస్టల్ మంచం మీద మొదలైంది. ఆ కాలంలో గేటు పనేమిటంటే ఊరి నుంచి పిల్లాణ్ణి కాపాడటం. ఇప్పుడు పిల్లాడి నుంచి ఊరిని కాపాడుతున్నట్టుంది. గేటు మారలేదు, అది చూసే దిక్కు మారింది.

అందుకే ఫాదర్లనూ స్వామీజీలనూ మౌల్వీలనూ నేను పెద్దగా నిందించను. వాళ్ళు బతికిన బతుకే వాళ్ళు నేర్పుతున్నారు. దేవుణ్ణి వార్డెన్‌గా వేసుకున్నది మనం, జీతం ఇస్తున్నదీ మనమే, ఏటా రెండు వాయిదాల్లో. పిల్లాణ్ణి పద్దెనిమిదేళ్ళు పెంచి, వాడికి ఇదీ పద్ధతి అని నచ్చచెప్పలేక, ఆ పని గోడకు అప్పగించి, గోడ మీద సిలువో ఓంకారమో నెలవంకో ఉంది కదా అని నిశ్చింతగా నిద్రపోతున్నాం.

మళ్ళీ అడ్మిషన్ల కాలం వస్తోంది. ఏ మతంవారి హాస్టల్లో చేర్చినా మీ ఇష్టం. బీకాం వాడికి బెనెడిక్ట్ ఇచ్చినట్టు ఏడాది గడువివ్వమని ఎవరూ అడగరు, ఒక్క పూట చాలు. ఆ చిన్న పుస్తకం వాడి చేతికిచ్చి వరండాలో కూర్చోబెట్టి చదవనివ్వండి. బాత్రూములు ఎన్నున్నాయో మీరు ఈలోగా లెక్కపెట్టి రండి. వాడికి పద్దెనిమిది నిండితే, పదకొండో షరతు దగ్గర మీరు సంతకం పెట్టకండి. పెన్ను వాడికివ్వండి.